అరువు ఇచ్చే అధికారం

మా కొట్టు వయసును మా ఇంట్లో పుష్కరాలతో లెక్కపెడతారు. 1991 గోదావరి పుష్కరాలకు కొద్ది నెలల ముందు, రాజమండ్రి కోటిపల్లి బస్టాండుకు దగ్గర్లో, పన్నెండు అడుగుల వెడల్పున్న అద్దె గదిలో నాన్నగారు సున్నం, పొడి డిస్టెంపరు, సిమెంటు రంగు, ఎనామిల్ డబ్బాలు, మేకులు పెట్టుకుని వ్యాపారం మొదలుపెట్టారు. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆయన మరొకరి హార్డ్‌వేర్ కొట్టులో గుమాస్తా. 2003 పుష్కరాల నాటికి పక్క గది కలిసింది, ప్లైవుడ్ వచ్చి చేరింది. 2015 పుష్కరాలకు ఊళ్లోని లాడ్జీలు, సత్రాలు, గుళ్లు, రోడ్డు పక్క గోడలు అన్నీ ఒక్కసారిగా రంగు అడిగినప్పుడు, ఆరు నెలల క్రితమే హైదరాబాదులో ఉద్యోగం మానేసి కొట్టులో చేరిన నేను, రంగులు కలిపే టింటింగ్ మెషీను ముందు నిలబడి రాత్రి పదకొండింటి దాకా బకెట్లు కలుపుతూనే ఉన్నాను. ఆ ఊపులో వ్యాపారం నాకు అర్థమైపోయిందనుకున్నాను. అర్థం కాలేదని తెలుసుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

తండ్రి పెట్టిన కొట్టును నడపడానికి సిద్ధపడుతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది కాగితాల గురించి. పార్ట్‌నర్‌షిప్ పెట్టాలా, జీఎస్టీ నంబరు మారుతుందా, బ్యాంకువాళ్లు ఏమంటారు అని. అవన్నీ చెబుతాను. అయితే మా కొట్టులో కాగితాల పని ఒక్క వేసవిలో ముగిసింది. ఎవరికి అరువు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది ఎవరు నిర్ణయించాలనే విషయం మాత్రం ఏళ్ల తరబడి తేలలేదు. రంగులు, ప్లైవుడ్ అమ్మే కొట్టులో యజమాని ఎవరో తెలిసేది బోర్డు చూసి కాదు. మేస్త్రీ బకెట్ ఎత్తి భుజాన పెట్టుకుని, 'రాసుకోండి' అన్నప్పుడు ఎవరి ముఖం వైపు చూస్తాడో ఆయనే యజమాని. చాలా కాలం వాళ్లు చూసింది నాన్నగారి ముఖం వైపే.

మా మధ్య మొదటి మాటపట్టింపు 2017 జూన్ 30 రాత్రి వచ్చింది. మర్నాటి నుంచి జీఎస్టీ అమల్లోకి వస్తుంది కనుక, ఆ రోజు ఆఖరుకి కొట్టులో ఎంత సరుకుందో లెక్క తేల్చాలని మా ఆడిటరు చెప్పారు. షట్టరు దించి, నేను, మా గుమాస్తా, ఇద్దరు కుర్రాళ్లు డబ్బాడబ్బా లెక్కపెట్టడం మొదలుపెట్టాము. గోదాములో ప్లైవుడ్ షీట్ల వెనక, చెమ్మ దిగిన గోడ పక్కన, ఇరవై రెండు సిమెంటు రంగు డబ్బాలు దొరికాయి. ఒకదాని మూత స్క్రూడ్రైవరుతో లేపి చూస్తే లోపల పొడి గట్టిపడి రాయిలా ఉంది. వేలితో తడితే టకటకమంది. పుస్తకంలో మాత్రం ఆ ఇరవై రెండూ కొన్న ధరకు బంగారంలా మెరుస్తున్నాయి. వాటిని లెక్కలోంచి తీసేద్దామన్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు. 'ఎవరో ఒకరు పునాది గోడకి పట్టుకెళ్తార్లేరా' అన్నారు. తెల్లవారుజామున రెండింటికి ఆ మాట మీద మేమిద్దరం గొంతులు పెంచుకున్నాము. గుమాస్తా గారు లెక్కల కాగితం పట్టుకుని ఎవరి అంకె రాయాలో తెలియక నిలబడిపోయారు. ఆయన చివరికి నాన్నగారి అంకే రాశారు.

పన్నుల మార్పు నాకు తెలియకుండానే నాకొక చోటు కల్పించింది. మొదట్లో రంగుల మీద, ప్లైవుడ్ మీద 28 శాతం పన్ను ఉండేది. ప్లైవుడ్ మీద 2017 నవంబరు 15 నుంచి, రంగుల మీద 2018 జులై 27 నుంచి అది 18 శాతానికి తగ్గింది. రంగుల రేటు తగ్గిన వార్త వచ్చిన రోజు నాన్నగారు భోజనం సరిగా చేయలేదు. 28 శాతం కట్టి తెచ్చిన సరుకు కొట్టు నిండా ఉంది, ఇక 18 శాతం చొప్పున అమ్మాలి, మిగతా పది శాతం మన చేతి నుంచి పోయినట్టేనని ఆయన లెక్క. కొన్నప్పుడు కట్టిన పన్ను మన జీఎస్టీ జమ ఖాతాలో, అంటే క్రెడిట్ లెడ్జరులోనే ఉంటుందని, ముందు ముందు అమ్మే సరుకు మీద కట్టాల్సిన పన్నులో అది సర్దుబాటవుతుందని కంప్యూటరులో చూపించి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ తర్వాత, నాకు గుర్తున్నంతవరకు మొట్టమొదటిసారి, 'అయితే ఏం చేద్దామంటావు?' అని అడిగారు. ముప్పై ఏళ్ల అనుభవం పనికిరాని విషయం ఒకటి వచ్చినప్పుడే ఆ ప్రశ్న నా దాకా వచ్చిందన్న సంగతి నేను మరిచిపోలేదు.

అసలు మలుపు మాత్రం ఆయన కంటి వల్ల వచ్చింది. నాన్నగారికి షేడు కలపడంలో మంచి పేరుండేది. గోడ నుంచి గీకిన బొటనవేలి గోరంత పెచ్చు తెచ్చి ఇస్తే, వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసి, ఏ మూలరంగులో, అంటే బేసులో, ఏ రంగు ఎన్ని చుక్కలు పడాలో చెప్పేవారు. మెషీను వచ్చాక కూడా కోడు నంబరు కంటే ఆయన కంటినే మేస్త్రీలు నమ్మేవారు. 2018 చివర్లో దానవాయిపేటలో ఒక డాక్టరు గారి ఇంటి హాలుకు రంగు ఒక బకెట్ తక్కువైతే, నాన్నగారు పాత పెచ్చు చూసి కలిపించి పంపారు. మర్నాడు పొద్దున వాళ్లు ఫోను చేస్తే వెళ్లి చూశాను. మూడు గోడలు చల్లని తెలుపు, నాలుగో గోడ మీగడ రంగు. కిటికీ లోంచి ఎండ పడుతున్న చోట, రెండు గోడలు కలిసే మూల దగ్గర ఆ తేడా గీత గీసినట్టు కనిపించింది. ఆ గోడ మళ్లీ వేయించే ఖర్చు, రంగుతోపాటు ఇద్దరు పెయింటర్ల రెండు రోజుల కూలీ, మేమే పెట్టుకున్నాము.

ఆ రెండు రంగుల గోడల నుంచి గీకి ఇంటికి తెచ్చిన రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నాన్నగారు రెండూ ఒకటేనన్నారు. ఆయన మొండితనమనుకున్నాను. కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాక తెలిసింది, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, శుక్లం ఉన్న కంటికి లోకమంతా లేత పసుపు అద్దంలోంచి చూసినట్టుంటుందని, తెలుపుకీ మీగడ రంగుకీ తేడా అందులోనే కలిసిపోతుందని. ఒక కంటికి ఆపరేషను అయిన వారానికి ఆయన కొట్టుకు వచ్చి, షేడు కార్డు తీసి, ఒకసారి ఈ కన్ను మూసి, ఒకసారి ఆ కన్ను మూసి చాలాసేపు చూశారు. 'ఎన్నాళ్ల నుంచి ఇలా కలుపుతున్నానో' అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రమే ఆడిటరు గారికి ఆయనే ఫోను చేశారు. నేను అడిగింది కాదు.

కొట్టు నాన్నగారి పేరున ఉన్న సొంత వ్యాపారం. మా కొట్టును పార్ట్‌నర్‌షిప్‌గా మార్చడమంటే పాన్ మారడం, పాన్ మారితే జీఎస్టీ నంబరు మారడం. అందుకని కొత్త సంస్థను ఆర్థిక సంవత్సరం మొదలయ్యే 2019 ఏప్రిల్ 1 నుంచి లెక్కకు వచ్చేలా పెట్టుకున్నాము. ఒప్పందపత్రం రాసేటప్పుడు నేను ఊహించని పేరు ఒకటి నాన్నగారు చెప్పారు. అక్క పేరు. అక్క పెళ్లయి విశాఖపట్నంలో ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు 2005 కేంద్ర చట్టానికి ముందే, 1986లోనే మన రాష్ట్రంలో వచ్చింది కానీ, ఈ కొట్టు నాన్నగారి స్వార్జితం కాబట్టి ఆ చట్టం ఆయన మీద ఏ ఒత్తిడీ పెట్టలేదు. ఆయన కారణం వేరే. అక్క డిగ్రీ చదివిన మూడు వేసవి సెలవుల్లోనూ కొట్టు ఆవర్జా ఆమే రాసింది; ఆ పుస్తకాలలో గుండ్రని అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. 'అది రాసిన సంవత్సరాల లెక్కలే తప్పుల్లేకుండా ఉన్నాయి' అన్నారు నాన్నగారు. ఆయనకు నలభై, నాకు నలభై, అక్కకు ఇరవై శాతం వాటా అని రాసుకున్నాము. పనిచేసే భాగస్థులకు జీతం, పెట్టుబడి మీద అందరికీ 12 శాతం వడ్డీ అని ఒప్పందంలో స్పష్టంగా రాయించమని ఆడిటరు చెప్పారు. ఆదాయపు పన్నులో అంతవరకే ఖర్చు కింద ఒప్పుకుంటారు, అది కూడా పత్రంలో రాసి ఉంటేనే. నిజం చెప్పాలంటే ఆ ఇరవై శాతం వినగానే నా మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఏటా లెక్కల మీద సంతకం పెట్టడానికి వచ్చే అక్క, ఏదో ఒక పద్దు మీద వేలుపెట్టి 'ఇదేమిటి?' అని అడిగే ఆ ఒక్క ప్రశ్నకు భయపడి సంవత్సరమంతా పుస్తకాలు సరిగా ఉంచుతున్నాను.

సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించడం తప్పనిసరి కాదని చాలామంది మానేస్తారు. అరువు వ్యాపారం చేసేవాళ్లు ఆ పొరపాటు చేయకూడదు, ఎందుకంటే నమోదు కాని సంస్థ బాకీ వసూలు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. పాత జీఎస్టీ నంబరులో మిగిలిన క్రెడిట్‌ను కొత్త నంబరుకు తెచ్చుకోవడానికి ఐటీసీ-02 అనే ఫారం ఉంది. దానికి చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం జతచేసి పాత నంబరు నుంచి పంపాలి, కొత్త నంబరులోకి వెళ్లి మళ్లీ అంగీకరించాలి. ఈ రెండో అడుగు మేము మరిచిపోయి, క్రెడిట్ రాలేదేమని మూడు వారాలు కంగారుపడ్డాము. పాత నంబరు రద్దుకు దరఖాస్తు పెట్టేది ఈ పని ముగిశాకే. రద్దయ్యాక మూడు నెలల్లోపు చివరి రిటర్ను వేయాలి. వీటన్నిటికంటే ఎక్కువ తిప్పింది బ్యాంకు. ఒక పరిమితి దాకా అవసరమైనప్పుడల్లా అప్పు వాడుకునే క్యాష్ క్రెడిట్ ఖాతా నాన్నగారి పేరున, ఇంటి తనఖా మీద ఉండేది. సంస్థ స్వరూపం మారింది కనుక లిమిటు కొత్తగా మంజూరు చేయాలన్నారు, ఇంటి కాగితాల మీద మళ్లీ లీగల్ ఒపీనియన్, మళ్లీ విలువ కట్టించడం. రంగుల కంపెనీ కూడా కొత్త డీలరు కోడు ఇచ్చింది; ఏడాది అమ్మకాల మీద వచ్చే స్కీము లెక్క సున్నా నుంచి మొదలైంది. జులై ఆఖరుకి అన్నీ ఒక దారిన పడ్డాయి.

ఆ ఆగస్టులో నేను పెద్ద పొరపాటు చేశాను. ఖాతాలో మొత్తం బాకీ పద్నాలుగు లక్షల పైచిలుకు ఉంది. అందులో దాదాపు ఐదు లక్షలు మూడేళ్లు దాటిపోయినవి. కాలపరిమితి చట్టం ప్రకారం వాటికోసం కోర్టుకు కూడా వెళ్లలేము. అది చూసి నాకు కోపం వచ్చింది. నలభై ఐదు రోజులు దాటితే ఎవరికైనా సరే బిల్లు తెగకుండా సాఫ్ట్‌వేరులో తాళం వేయించాను. గోడ మీద కాగితం అంటించాను. నాన్నగారు ఆ కాగితం చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఏమీ అనకుండా పేపరు చదువుకోసాగారు. సంక్రాంతికి ముందు రెండు నెలలు మా గోదావరి జిల్లాలలో ఇళ్లకు రంగులు వేసే కాలం, మా ఏడాది అమ్మకాలకు అదే ఆయువుపట్టు. ఆ సీజనులో ఖాతా ఉన్న నలభై మూడు మంది మేస్త్రీలలో పదకొండు మంది మా మెట్లు ఎక్కలేదు. జనవరి లెక్క చూస్తే అంతకుముందు సంవత్సరం కంటే పావు వంతు అమ్మకం తగ్గింది. వెళ్లిపోయినవాళ్లు పోతే పోనీ, కొట్టులోనే ఉన్న గుమాస్తా గారు తాళం పడిన పేరు వచ్చినప్పుడల్లా మేస్త్రీకి కళ్లతో సైగ చేసి, నాన్నగారు ఉండే సాయంత్రం వేళ రమ్మనేవారని నాకు ఆలస్యంగా తెలిసింది.

పండగ వెళ్లాక ఒక మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ, నాన్నగారి పాత ఖాతా పుస్తకాలు దించి చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు ఎన్నోసార్లు చూశాను కానీ అంకెలే చూశాను. ప్రతి పేరు పక్కన మార్జినులో పెన్సిలుతో చిన్న మాటలున్నాయి. 'సార్వా మాసూళ్లకి', 'దాళ్వా', 'రెండో స్లాబు', 'గృహప్రవేశం అయ్యాక', 'మరిది దుబాయ్ నుంచి', 'ఈయన కాదు, భార్యని అడగాలి'. ఒక చోట 'మనిషి మంచివాడే, చేతికి ఇవ్వొద్దు' అని ఉంది. సార్వా అంటే మా వైపు వానాకాలం వరి పంట, దాళ్వా అంటే దాని తర్వాత వేసే రెండో పంట, మాసూళ్లంటే పంట చేతికొచ్చే కాలం. నేను ఏకంగా నలభై ఐదు రోజులని గిరి గీసిన చోట, ఆయన ఒక్కొక్కరికి డబ్బు ఏ దారిన, ఏ నెలలో చేతికొస్తుందో రాసి పెట్టుకున్నారు. ఆత్రేయపురం వైపు రైతు అక్టోబరులో పట్టుకెళ్లిన రంగుకు డబ్బు ధాన్యం అమ్మితేనే ఇవ్వగలడు. పెయింటరుకు ఇంటివాళ్లు ఆఖరి విడత ఇచ్చేది ఇల్లు కడిగి అప్పగించాకే. ఇది తెలియకుండా నేను వసూళ్లకు బయలుదేరాను.

అయితే ఆ పెన్సిలు రాతలు చూసి నాన్నగారిదే సరైన పద్ధతని నేను అనను. రాసిన గడువు దాటాక ఆయన మళ్లీ అడగలేదు. 'దాళ్వా' అన్న మాటను కొట్టేసి 'సార్వా' అని, దాన్ని కొట్టేసి మళ్లీ 'దాళ్వా' అని ఒకే పేరు పక్కన నాలుగుసార్లు మార్చిన చోట్లున్నాయి. ఎదుటి మనిషిని చూసి లేదనలేకపోవడం ఆయన బలహీనత. ఐదు లక్షలు అలాగే పోయాయి.

ఆ ఫిబ్రవరిలో మేమిద్దరం పదిరోజులు కూర్చున్నాము. నేను పేరు చదువుతాను, ఆయన చెబుతారు, నేను కంప్యూటరులో ఎక్కిస్తాను. నలభై ఐదు రోజుల తాళం తీసేసి, ప్రతి ఖాతాకూ విడిగా ఒక తేదీ పెట్టాము. రైతుకు మాసూళ్లను బట్టి, బిల్డరుకు స్లాబును బట్టి, పెయింటరుకు ఇంటి యజమాని ఫోను నంబరు కూడా రాసుకుని. తేదీ ఒకసారి దాటితే ఫోను, రెండోసారి దాటితే అరువు బంద్. మూడేళ్లు దగ్గరపడుతున్న ప్రతి బాకీకి, ఎంత ఇవ్వాలో ఒప్పుకుంటూ తేదీతో సంతకం తీసుకోవడం మొదలుపెట్టాము. గడువు తీరకముందే అలా రాసిచ్చిన నాటి నుంచి మూడేళ్లు కొత్తగా లెక్కకొస్తాయి. సంతకం అడిగితే మనుషులు నొచ్చుకుంటారని నాన్నగారు భయపడ్డారు. ఇద్దరు నొచ్చుకున్నారు. మిగతావాళ్లు పెట్టారు. ఆ పని ముగిసిన నెలకే లాక్‌డౌన్ వచ్చి షట్టరు మూతపడింది. తెరిచాక మొదట డబ్బు తెచ్చి ఇచ్చినవాళ్లలో, నేను తాళం వేసి పోగొట్టుకున్న మేస్త్రీలు ముగ్గురున్నారు. వాళ్లు నాతో మాట్లాడలేదు, నాన్నగారి చేతికిచ్చి వెళ్లారు.

నా నిర్ణయాలన్నీ బెడిసికొట్టాయని కాదు. గోదావరి ఒడ్డు ఇళ్లకు చెమ్మ పెద్ద రోగం. రంగు అమ్మి ఊరుకోకుండా, ఇంటికి వెళ్లి గోడ చూసి, నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చెప్పే పని మొదలుపెట్టాను. ఇప్పుడు వాటర్‌ప్రూఫింగ్ సరుకు మా కొట్టులో పెద్ద పద్దు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి ఒక లారీ టైల్సు తెప్పించడం మాత్రం శుద్ధ తెలివితక్కువ. పగిలినవి పోగా, ఆరు నెలల తర్వాత రెండు పెట్టెలు కావాలని వచ్చినవాళ్లకు ఇవ్వడానికి అదే బ్యాచి దొరకదు. వద్దని నాన్నగారు ముందే చెప్పారు, తర్వాత ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. ఆ మౌనం కంటే తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

గుమాస్తా గారి సంగతి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఉన్న మనిషి, నన్ను 'చిన్నబాబు' అంటారు. నేను ఏది చెప్పినా 'అలాగేనండి' అని, చూపు మాత్రం నాన్నగారి వైపు తిప్పేవారు. దీనికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. నాన్నగారే ఒక ఉపాయం పట్టారు. గుమాస్తా గారు ఏదైనా అడిగినప్పుడల్లా, 'నాకు తెలీదు, వాడినడుగు' అనడం మొదలుపెట్టారు, తెలిసిన విషయానికి కూడా. మొదటి వారం గుమాస్తా గారు అలిగి భోజనానికి ఇంటికి వెళ్లి ఆలస్యంగా వచ్చారు. మూడో నెలకు, నేను లేనప్పుడు నాన్నగారు ఒక బిల్లు రాయమంటే, 'చిన్నబాబుని ఒక మాట అడుగుతానండి' అన్నారట. ఆ మాట నాన్నగారే రాత్రి భోజనాల దగ్గర చెప్పి నవ్వారు, కానీ ఆ పూట పెరుగన్నం తినకుండానే లేచారు.

మొన్న సంక్రాంతికి ముందు, ఆత్రేయపురం వైపు పనులు చేసే ఒక మేస్త్రీ వచ్చాడు. తేదీ రెండుసార్లు దాటిన ఖాతా. మూడు బకెట్లు కావాలన్నాడు. నాన్నగారు అక్కడే ఉన్నారు. మేస్త్రీ అలవాటు కొద్దీ ఆయన వైపు చూశాడు; ఆయన పేపరు మడిచి నా వైపు చూపించారు. పాత బాకీలో సగమైనా కట్టకుండా ఇవ్వడం కుదరదని చెప్పాను. మేస్త్రీ తల దించుకుని మెట్లు దిగాడు. కాసేపటికి నాన్నగారు టీ తాగి వస్తానని లేచి వెళ్లారు. సాయంత్రం ఐదింటికి మేస్త్రీ మళ్లీ వచ్చి, పాత బాకీలో సగం, మూడు బకెట్ల డబ్బు, రెండూ నగదుగా బల్ల మీద పెట్టాడు. ఐదు వందల నోట్లు, అన్నీ గాంధీ బొమ్మ పైకి వచ్చేలా ఒకే వైపు పేర్చి, రబ్బరుబ్యాండు రెండు చుట్లు తిప్పి ఉన్నాయి. మా ఇంట్లో అలా పేర్చేది ఒక్కరే. గుమాస్తా గారు ఆ కట్ట చూసి తల పక్కకు తిప్పుకున్నారు. నేను లెక్కపెట్టి, బిల్లు రాసి, బకెట్లు ఆటోలోకి ఎక్కించమన్నాను.

తర్వాత ఒకనాడు ఇంట్లో ఆయన సొంత చిట్టా కనిపించింది. ఆ మేస్త్రీ పేరు, పక్కన మొత్తం, దాని పక్కన పెన్సిలుతో 'దాళ్వాకి' అని ఉంది.